మా అత్త తొడిగిన రవిక

మా ఊరికి కుట్టుమిషను రాకపోయి ఉంటే నేనూ మా తోటికోడలూ అక్కాచెల్లెళ్లలా ఉండేవాళ్లమని మా ఆయన అంటూ ఉండేవాడు. మగవాళ్లకి అలాగే అనిపిస్తుంది. మిషను రాకముందు నుంచే నాకు మా తోటికోడల్ని చూస్తే ఒళ్లు మంట.

నేను పెద్దకోడల్ని. కోటబొమ్మాళి దగ్గర పల్లెలో వరి పండించే ఇంటికి కాపురానికి వచ్చాను. చిన్నతనంలోనే అమ్మ పోయినదాన్ని కాబట్టి మా అత్త "పెద్దా, ఇలాగ రాయే" అని పిలిచిందంటే చాలు, చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి పరిగెత్తేదాన్ని. ఆవిడకి ప్రతిదానికీ నేనే కావాలి. అలాంటి ఇంట్లోకి మా మరిది పెళ్లాం వచ్చింది. గరివిడి ఫ్యాక్టరీలో పనిచేసే ఆయన కూతురు. సన్నగా, పీలగా ఉండేది. గట్టిగా మాట్లాడను కూడా మాట్లాడదు. ఏం మందు పెట్టిందో ఏమో గానీ, ఏడాది తిరక్కుండానే మా అత్త నోట్లో "పెద్దా" పోయి "సిన్నా" వచ్చి కూర్చుంది. తలంటుకి సిన్నది. కాళ్లు పట్టడానికి సిన్నది. ఆఖరికి చుట్ట ముట్టించుకోవడానికి పొయ్యిలోంచి నిప్పు తేవాలన్నా సిన్నదే తేవాలి. నేను మాత్రం ఆ పొయ్యి దగ్గరే కూర్చుని పొగకి కళ్లు తుడుచుకుంటూ ఉండేదాన్ని.

అరవైల చివర్లో బ్లాకు ఆఫీసు వాళ్లు మా ఊళ్లో ఆడవాళ్లకి కుట్టుపని క్లాసు పెట్టారు. శ్రీకాకుళం నుంచి ఒక టీచరమ్మ వచ్చి గది అద్దెకి తీసుకుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక స్కూలు వరండాలో తొక్కుడు మిషను వేసుకుని కూర్చునేది. ఊళ్లో అందరికంటే ముందు చేరింది నేనే. నాకంటూ ఒక విద్య ఉంటే అత్త మళ్లీ నావైపు చూస్తుందని ఆశ. తీరా బయల్దేరే వేళకి మా అత్త చిన్నదాన్ని కేకేసింది.

"నువ్వూ ఎల్లే. పెద్దదొక్కర్తీ నేర్సుకుని ఏటి సేస్తాది?"

క్లాసులో మొదట దారం ఎక్కించకుండా ఉత్తినే తొక్కించారు. దారం ఎక్కించాక చక్రం వెనక్కి తిరిగిందంటే పుటుక్కున తెగుతుంది. అందరికీ తెగేది, నాకు తెగేది కాదు. పాత పేపర్ల మీద గీతలు గీసి రవిక ముక్కలు కత్తిరిస్తే, నా ముక్కల్ని టీచరమ్మ పైకెత్తి అందరికీ చూపించేది. మా తోటికోడలి కుట్టు మేక నమిలినట్టుండేది. దాని గుడ్డ చూసి పక్కవాళ్లు మూతి తిప్పుకుంటే నేను తల వంచుకుని లోలోపల మురిసిపోయేదాన్ని. ఆ కొన్ని నెలలూ నా ప్రాణం హాయిగా ఉంది.

క్లాసు ముగిసేనాడు బ్లాకు నుంచి ఆఫీసరుగారు వస్తారనీ, ఎవరికి వాళ్లు తమ ఇంట్లోవాళ్లకి ఏదో ఒకటి కుట్టి, వీలైతే ఒంటి మీద వేయించి తీసుకురావాలనీ టీచరమ్మ చెప్పింది.

"నాను మా అత్తకి రవిక కుడతాను" అనేశాను.

వరండా అంతా గొల్లుమంది. ఎందుకంటే మా అత్త పుట్టి బుద్ధెరిగాక రవిక తొడిగిన మనిషి కాదు. ఆ వయసు ఆడవాళ్లు మా వైపు చీర కొంగునే చుట్టూ తిప్పి భుజం మీద ముడేసుకునేవారు. నాట్లకీ కోతలకీ పెళ్లిళ్లకీ అంతే. సరిగ్గా అందుకే నాకు ఆ ఆలోచన వచ్చింది. ఆవిడ ఒంటి మీద నా చేతి రవిక పడిందంటే, పోయిన నా చోటు నాకు తిరిగి వచ్చినట్టే. ఊరంతా కళ్లారా చూస్తుంది. ఇంతలో వెనక నుంచి సన్నగా ఇంకో గొంతు వినిపించింది.

"నానూ అత్తకే కుడతాను అక్కా."

కళ్లలో కారం కొట్టినట్టయింది. ఇంట్లో ఇంతమంది ఉండగా దీనికి మా అత్తే దొరికిందా!

రవిక కుట్టాలంటే కొలతకి పాత రవిక ఉండాలి. మా అత్తకి అది లేదు. మనిషిని నిలబెట్టి టేపు పెట్టనిస్తుందా అంటే, రవిక మాటెత్తితేనే ఉమ్మేసి లేచి వెళ్లిపోయేది. ఒక మధ్యాహ్నం ఆవిడ వసారాలో నులకమంచం మీద పడుకుని గుర్రు పెడుతోంది. మెల్లగా వెళ్లి భుజాల మీదుగా టేపు పరిచాను. చేతి పొడుగు చూశాను. నడుం కింద నుంచి టేపు దూర్చబోతుంటే కళ్లు తెరిచింది.

"ఓలమ్మో! ఏటే ఇది? నన్ను కొలిసేస్తన్నావేటే?"

"రవిక్కి అత్తా..."

"రవికేటి, రవిక! తొంగున్న మనిసిని కొలిసేది పాడెకే! నాను సచ్చిపోనేదే, ఇంకా బతికే ఉన్నాను! ఓలమ్మా, ఎవులైనా రండర్రా, పెద్దకోడలు నాకు పాడె కట్టేస్తంది!"

పడుకున్న మనిషిని కొలిచేది చచ్చాకే అని నాకు తెలియదా? తెలుసు. చేతిలోకి టేపు వచ్చాక ఇంకేమీ గుర్తుండలేదు. చుట్టుపక్కల ఆడవాళ్లంతా వచ్చి ముక్కున వేలేసుకున్నారు. ఆ రాత్రి అన్నం కూడా చిన్నదాని చేతే పెట్టించుకుంది మా అత్త. నేను వడ్డించబోతే కంచం పక్కకి జరిపేసింది.

ఆ తర్వాత తలంటు నాడు నేను వంటింటి గుమ్మంలో కూర్చుని ఉన్నాను. పెరట్లో చిన్నది అత్త వీపుకి నూనె రాస్తోంది. రాస్తూ రాస్తూ చెయ్యి చాపి వీపు మీద జాన పెట్టింది. దాని పక్కన బెత్తెడు పెట్టింది. చంకల కింద నుంచి చేతులు పోనిచ్చి గుండెల మీదకి తెచ్చింది. పెదాలు కదులుతున్నాయి. లెక్క పెట్టుకుంటోంది దొంగముఖంది! మా అత్త కళ్లు మూసుకుని "ఇంకా గట్టిగా రుద్దే" అంటోంది. "అదీ నిన్ను కొలుస్తోంది అత్తా" అని అరుద్దామనుకున్నాను. అరిచినా లాభమేముంది? చిన్నది నూనె చేత్తో కొలిస్తే మా అత్తకి అది కొలత కాదు, సేవ.

నా రవిక నేను ఉజ్జాయింపుగా కుట్టాను. ఆకాశం రంగు పాప్లిన్, వెనక హుక్కులు, చేతుల అంచుకి సన్నని పైపింగు. ఎక్కడా ఒక్క కుట్టు వంకర పోలేదు. చిన్నది ముతక తెల్లగుడ్డతో, ముందు ముడేసుకునేలా ఒక సంచీ లాంటిది కుట్టింది. దాన్ని చూసి దీనికింక భయపడక్కర్లేదు అనుకున్నాను.

క్లాసు ముగిసిన రోజు పుష్యమాసం చలి. పొద్దున్నే మా అత్త పొయ్యి ముందు వణుకుతూ కూర్చుంటే చిన్నది వెళ్లి ఆ తెల్లరవిక భుజాల మీద కప్పింది.

"సలేస్తంది కదా అత్తా. తొడుక్కో, ఎచ్చగా ఉంటాది."

"సీ, ఈ వొయసులో నాకు రవికేటే? నలుగురూ నవ్వరా?"

"ఇంట్లోనే కదా. నచ్చకపోతే ఇప్పీ."

అంతే. నేను చూస్తుండగానే మా అత్త చిన్నపిల్లలా రెండు చేతులూ చాపింది. ముడి తనే వేసుకుంది. పెరట్లోకి వెళ్లొచ్చింది, చుట్ట కాల్చింది, గంజి తాగింది. విప్పలేదు.

స్కూల్లో ఆఫీసరుగారి ముందు నా రవిక తాడు మీద వేలాడింది. అందరిలోకీ నాదే మొదటిదన్నారు. కత్తెర బహుమతి ఇచ్చి, టీచరమ్మ వెళ్లిపోయాక క్లాసు నన్నే నడపమన్నారు. చప్పట్లు ఇంకా ఆగకముందే గేటు దగ్గర గోల మొదలైంది. చూస్తే మా అత్త! కొంగు కాస్త పక్కకి లాగి మరీ రవిక చూపిస్తూ వస్తోంది. ఆడవాళ్లంతా నన్ను వదిలేసి అటు పరిగెత్తారు.

"ఓలమ్మా, ముసిల్దానికి సోకు సూడండర్రా! ఎవులు కుట్టినారే?"

"మా సిన్నది!"

వరండాలో నేనొక్కదాన్నే మిగిలాను. చేతిలో కొత్త కత్తెర తళతళలాడుతోంది. వెళ్లి ఆ ముడి కత్తిరించి పారేద్దామన్నంత కసి వచ్చింది.

తర్వాత క్లాసు నేనే నడిపాను. చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు కూడా వచ్చి నన్ను టీచరమ్మా అని పిలిచేవారు. ఇంట్లో మాత్రం మా అత్త ఆ తెల్లరవికని ఉతికి ఆరేసి మళ్లీ అదే తొడిగేది. అరసవల్లి వెళ్లినప్పుడు బస్సంతటికీ "మా సిన్నకోడలు కుట్టినాది" అని చెప్పుకుంది. నా పాప్లిన్ రవిక పెట్టె అడుగున మడత నలగకుండా పడి ఉంది.

ఆ తెల్లరవిక భుజాల దగ్గర చిరిగిపోయే వేళకి చిన్నది గరివిడిలో పురిటికి ఉంది. ఇంకోటి కుడతానంటే మా అత్త వద్దంది. "సిన్నది ఒస్తాది కదా, కుడతాది" అంది. నాకు పట్టుదల వచ్చింది. చిరిగిన రవిక తీసుకుని కుట్లన్నీ విప్పాను. ముక్కకి ముక్క ఆనించి, అదే ముతకగుడ్డ, అదే ముడి, ముడితాళ్ల వెడల్పుతో సహా అలాగే కుట్టాను. చిన్నది పిల్లాడితో తిరిగి వచ్చిన రోజున మడతపెట్టి అత్త మంచం మీద ఉంచాను. ఒక్క మాట కూడా చెప్పలేదు. తొడిగి చూసి తనే అడుగుతుందనుకున్నాను.

అత్త తొడిగింది. ముడేసుకుంది. చేతులు పైకెత్తి, వెనక్కి తిప్పి చూసుకుంది. ముఖం ఇంత చేసుకుని, "సూడే పెద్దా, పుట్టింట్లో పురిట్లో ఉండి కూడా నా రవిక మర్సిపోనేదు సిన్నది. దీని సెయ్యే సెయ్యి. ఒంటికి అతికినట్టుంది" అంది.

పిల్లాడికి పాలిస్తున్న చిన్నది తలెత్తి నన్నూ రవికనీ మార్చి మార్చి చూసింది.

"నాను కుట్టనేదు అత్తా. అక్క కుట్టినాది."

మా అత్త భుజం ఒకసారి ఇటూ అటూ కదిపింది.

"అలాగేటి? అదే... సంకకాడ పట్టేస్తన్నాదేటా అనుకుంటన్నాను" అని ముడి విప్పడం మొదలుపెట్టింది.