నెమళ్ళను తిట్టడానికి అనుమతి

మా అత్తకు వన్యప్రాణుల చట్టం గురించి మొదట చెప్పింది నేనే. ఆ నేరం ఇప్పటికీ నా మీదే ఉంది.

నేను గోరంట్ల దగ్గర ఒక హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెబుతాను. అత్త గుట్ట కింది చేనిలో వేరుశనగ వేస్తుంది. ఆ ఏడు వాన అరకొరగానే పడింది. విత్తిన మూడో రోజే నెమళ్ళు గుట్ట దిగి, సాళ్ళ వెంట నడుస్తూ విత్తనాలు ఏరుకు తిన్నాయి. అత్త రాయి అందుకుంది. నేను చెయ్యి పట్టుకున్నాను.

"కొడితే కేసవుతుంది అత్తా. జైల్లో వేస్తారు."

"నా చెనిక్కాయలు తిన్నేదానికి కేసు లేదా?"

జాతీయ పక్షి అని పాఠం మొదలుపెట్టాను. ఆమె వినలేదు. మర్నాడు అటుగా వచ్చిన ఫారెస్టు గార్డును గట్టు మీదే నిలబెట్టింది.

"ఏమప్పా, ఈ నెమళ్ళు ఎవురివి?"

"దేశానివమ్మా."

"అట్లయితే దేశాన్నే మేపమను. రాయి ఎయ్యకూడదు, ఉచ్చు పెట్టకూడదు, సరే. తిట్టొచ్చునా?"

ఆయన కాసేపు నిజంగానే ఆలోచించాడు. "తిట్ల మాట చట్టంలో లేదమ్మా" అన్నాడు.

ఇక ఆమెకు అడ్డు లేకపోయింది. రోజూ పొద్దున్నే పళ్ళెం వాయిస్తూ, వాటి తోక దగ్గర్నుంచి నడక దాకా దేన్నీ వదలకుండా తిట్టేది. దారిన పోయేవాళ్ళు ఆగి మరీ వినేవారు.

కలుపు తీసేటప్పుడు గట్టు వార కంప చాటున నాలుగు నెమలి గుడ్లు కనబడ్డాయి. అత్త మంచమంత జాగా వదిలేసి పక్కకు జరిగింది. పక్క చేని పెద్దాయన, ఆ గుడ్లిస్తే తన కోడి కింద పొదిగిస్తానన్నాడు.

"ముట్టుకుంటే జైలే. మా కోడలు సదివినాది" అంది అత్త. నా చదువుకు ఆమె నోట దక్కిన మొదటి గౌరవం అది.

మధ్యాహ్నానికి ఆ కంప పక్కన మట్టి చిప్పలో నీళ్ళు కనిపించాయి.

"ఇది కూడా చట్టమేనా అత్తా?"

"ఎండ జూడు ఎట్లుండాదో. గుడ్ల మీద కూసున్నది యాడికి పోతాది?" అని, నేను నవ్వడం చూసి, "ఊరికే నిలబడకుండా ఆ కలుపు పీకు" అంది.

మూడు పిల్లలు బయటికొచ్చాయి. తల్లి వాటిని గుట్ట మీదికి నడిపించుకుపోయింది. వదిలేసిన జాగాలో కలుపు మోకాళ్ళ దాకా పెరిగింది, ఒక్క కాయ రాలేదు.

ఈ ఏడు విత్తనానికి ముందు, గట్టు వార నాలుగు సాళ్ళు వదిలేయమని అత్త మా ఆయనతో చెప్పింది. ఎందుకని ఆయన అడిగితే, చట్టం అంది. అలాంటి చట్టమేదీ లేదని నాకు తెలుసు. లేచి, ఆ మట్టి చిప్ప వెతకడానికి వెళ్ళాను.