ఆగని కారు, వంగని మోకాలు

ఈ సంగతి రాసిపెట్టక తప్పని పరిస్థితి వచ్చింది. మా చుట్టాల్లో ఎవరు కారు కొనాలనుకున్నా ముందు నాకే ఫోన్ చేస్తారు. "శ్రీశైలం, నువ్వు బాగ సదివి కొన్నవంట గద, జర చెప్పు" అంటారు. ఎనిమిదేళ్లుగా చెప్పి చెప్పి అలసిపోయాను. ఇకమీదట అడిగినవాళ్ల చేతిలో ఈ కాగితాలు పెట్టి నేను నడుం వాలుస్తాను. ఇందులో ఒక మనిషిని కారులోంచి బయటికి తీయడానికి అయిదుగురు కావలసి వచ్చిన ఘోరం ఉంది. గుండె దిటవు చేసుకుని చదవండి.

నేను జడ్చర్ల దగ్గర మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తాను. పదో తరగతితో నా బడి ఆగిపోయింది. తరవాతి చదువంతా గ్రంథాలయంలోనే. తేనెటీగల నుంచి భూకంపాల దాకా ఏదడిగినా చెప్పగలను. అడిగేవాళ్లే తక్కువ.

మా బాపు మల్లయ్య గొర్రెల కాపరి. మనిషి ఆరడుగులు. తలకు రుమాలు చుడితే ఇంకో జానెడు. చేతిలో కట్టె ఆయనకంటే పొడుగు. కొన్నేళ్ల కిందట ఆయన కుడి మోకాలు వంగడం మానేసింది. నెలనెలా మహబూబ్‌నగర్ దవాఖానకు పోవాలి. బస్సులో ఆ కాలు దారికి అడ్డంగా చాపుకుంటే, ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ విసుక్కుంటూ దాటేవాళ్లు. ఒకరోజు ఎవరో తొక్కారు. ఇంటికొచ్చి ఆయన చెప్పలేదు. పాదం వాచిపోతే మాకే తెలిసింది.

"బాపూ, ఇగ నువ్వు బస్సెక్కొద్దు. నేను కారు కొంట" అన్నాను.

ఆ మాట చెప్పిన రెండేళ్లకు కొన్నాను. ఏం చేశావయ్యా ఆ రెండేళ్లూ అంటారా? చదివాను. గ్రంథాలయంలో కార్ల పత్రికలు పాతవీ కొత్తవీ అన్నీ తిరగేశాను. మళ్లీ మళ్లీ కొనే స్తోమత లేదు కాబట్టి పదిహేనేళ్లు నమ్మకంగా నడిచేది, చమురు తక్కువ తాగేది, జడ్చర్లలోనే సామాను దొరికేది కావాలి. రెండొందల పేజీల నోటుబుక్కు నింపాను. ఇంజను, బ్రేకులు, తుప్పు, ఒక్కోదానికి ఒక్కో భాగం. ఎత్తు, పొడవు, వెడల్పు కూడా వేలెడు తేడా లేకుండా రాసుకున్నాను. కారువి.

నా భార్య సుజాత మధ్యమధ్యలో తొంగిచూసేది. "ఏందయ్యా, కారు కొంటున్నవా, దాంతోని లగ్గం చేసుకుంటున్నవా? గింత చూసి నన్ను చేసుకోకపోతివి!"

చివరికి ఒక చిన్న కారు తేలింది. పత్రికలన్నీ దాన్ని మెచ్చుకున్నాయి. కొనడానికి బయలుదేరుతుంటే బాపు రుమాలు చుట్టుకుని, కట్టె పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు.

"నేను గూడ వస్త. ఎక్కి చూడాలె గద."

"బాపూ, గది గొర్రె కాదు, నోరు తెరిచి పండ్లు చూసి కొననీకి."

"గొర్రెకు గూడ పండ్లొక్కటే చూడం బిడ్డా. నడిపిచ్చి చూస్తం. మన మందల కలుస్తదా లేదా చూస్తం."

"రెండొందల పేజీలు రాసిన. ఇంక చూసేదేమున్నది?"

బాపు నోటుబుక్కు వంక చూశాడు, నా వంక చూశాడు, రుమాలు విప్పి భుజాన వేసుకున్నాడు. "సరే తియ్యి. సదువుకున్నోనివి."

పాఠకులారా, ఆ రోజు ఆయన్ని వెంట తీసుకుపోయి ఉంటే ఈ కాగితాలు ఇక్కడితో అయిపోయేవి.

కారు వచ్చింది. పసుపు, కుంకుమ, నిమ్మకాయలు అన్నీ అయ్యాయి. దవాఖాన రోజు పొద్దున్నే వాడంతా చూస్తుండగా ముందు తలుపు తెరిచి "ఎక్కు బాపూ" అన్నాను. ఆయన ఎడమకాలు పెట్టాడు. కుడికాలు బయటే ఉండిపోయింది. సీటు వెనక్కి జరిపాను. అది జరగగలిగినంత జరిగింది. ఇంకా మూరెడు తక్కువ.

"ఎనక సీట్ల పండవెట్టన్నా" అన్నాడు పక్కింటి సాయిలు. అతనికి ట్రాలీ ఆటో ఉంది. ఊళ్లో గొర్రెలన్నీ అందులోనే సంతకు పోతాయి.

వెనక తలుపులు రెండూ తెరిచి బాపును వీపు ముందుగా లోపలికి జరిపాం. తల ఒక తలుపుకు, పాదం ఇంకో తలుపుకు ఆనాయి. రుమాలు కళ్ల మీదికి దిగింది. కట్టె ముందు కిటికీలోంచి జెండాకర్రలా బయటికి వచ్చింది.

"మామా, మంచిగున్నదా?" అని సుజాత అడిగింది.

"గూట్ల వెట్టిన గుమ్మడికాయ లెక్కున్న బిడ్డా. జల్ది పోనియ్యుండ్రి."

సాయిలు తన ఆటో తీశాడు. "నాకు దాణా బస్తాలు తెచ్చేదున్నది, ఎనకనే వస్త. దింపనీకి మనుషులు కావాలె."

వాడు గ్రంథాలయం గడప తొక్కని మనిషి. అయినా ముందుచూపు చూడండి!

నిజం చెప్పాలి, కారు వెన్నలా నడిచింది. కానీ దారిలో స్పీడు బ్రేకర్లు చాలా ఉన్నాయి. ఒక్కోదానికి బాపు ఒక్కో వేలెడు కిందికి జారాడు. దవాఖాన చేరేసరికి నడుం ముందు సీటుకూ వెనక సీటుకూ మధ్య సందులో ఇరుక్కుపోయింది. వాచ్‌మన్ వచ్చి కాలు పట్టి లాగాడు. తొడ దాకా వచ్చి ఆగింది. ఓపీ చీటీల వరసలో ఉన్నవాళ్లు వరస వదిలేసి మా చుట్టూ చేరారు.

నేను నోటుబుక్కులో రాసినవన్నీ గుర్తుచేసుకున్నాను. మనిషిని బయటికి తీసే భాగం అందులో లేదు.

లోపల్నుంచి బాపు గొంతు వినపడింది. "కాలు గుంజకుండ్రి! ఈనేటప్పుడు పిల్ల అడ్డం తిరిగితె ఏంజేస్తం రా సాయిలూ?"

"లోపటికి నూకుతం కాకా."

"ఇంకేం జేస్తం?"

"తిప్పుతం. గప్పుడు గుంజుతం."

"మరి చేస్తలేవేంది? నేను గొర్రెపిల్లకంటె తక్కువనా?"

వాచ్‌మన్ కాలు లోపలికి నెట్టాడు. నేను ఆయన నడుం పట్టి తిప్పాను. సాయిలూ, వరసలోంచి వచ్చిన మరో ఇద్దరూ అవతలి తలుపు నుంచి చంకల కింద చేతులేసి లాగారు. బాపు తల ముందుగా, రుమాలు లేకుండా, చెమటతో తడిసి లోకంలోకి వచ్చాడు.

వరసలో ఉన్న ఒక అవ్వ నిట్టూర్చింది. "పోనీ తియ్యి, సుఖంగ అయింది."

బాపు కట్టె పట్టుకుని నిలబడి గాలి పీల్చుకున్నాడు. నా కళ్లలో నీళ్లు చూశాడేమో, నా భుజం తట్టి ఓపీ వరస వైపు నడిచాడు. తిట్టినా బాగుండేది.

తిరుగు ప్రయాణంలో కారు వైపు చూడనైనా చూడలేదు. సాయిలు ఆటోలో దాణా బస్తాల మీద కూర్చుని, కాలు బారుగా చాపి, కట్టె నిలబెట్టుకుని, పల్లకీలో దొరలాగా ఊరు చేరాడు. వెనకాలే నేను నా కారులో ఒక్కణ్ణే వచ్చాను. పక్క సీట్లో ఆయన ఎక్స్‌రే కవరు పడుకుని ఉంది.

ఇప్పటికీ నెలనెలా అదే ఊరేగింపు. మొన్న ఒక కొత్త వాచ్‌మన్ అడిగాడు. "తాతా, గా కారు నీదేనా?"

"కాదు బిడ్డా. గది నా ఎక్స్‌రే కాయిదాలది. నేను ఆటోల వస్త."

అమ్మేసి పెద్దది కొనొచ్చు కదా అంటారు. ఎలా అమ్మను? ఎనిమిదేళ్లలో అది ఒక్కసారి కూడా ఆగలేదు. చమురు పిచ్చుక తాగినట్టు తాగుతుంది. నా నోటుబుక్కులో ఒక్క అక్షరం తప్పు కాలేదు. సర్వీసుకు పోయినప్పుడల్లా ఏదైనా పాడైందేమోనని ఆశగా చూస్తాను. మెకానిక్ నవాజ్ బానెట్ మూసి, "ఫికర్ చేయకన్నా, ఇంకో పదేండ్లు దీనికేం కాదు" అంటాడు. నేను అక్కడున్న బల్లమీద కూలబడతాను.

కాబట్టి గ్రంథాలయంలోని పుస్తకాలన్నిటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఈ ఇంటికి కుర్చీ కొన్నా సరే, కూర్చునే మనిషిని ముందు అందులో కూర్చోబెట్టి, మళ్లీ లేపి చూసిన తరవాతే కొంటాను.

ఈ వ్యవహారంలో సాయపడిన వారికి నా కృతజ్ఞతలు. పత్రికలన్నీ వెతికి ఇచ్చిన గ్రంథాలయం యాదగిరి సారుకు, లోపలికి నెట్టిన వాచ్‌మన్ అంజయ్యకు, బయటికి లాగిన సాయిలుకు, పేర్లు చెప్పకుండానే వరసలోకి వెళ్లిపోయిన ఆ ఇద్దరికీ, ఇంటికి రాగానే ఏమీ అడగకుండా చాయ్ ఇచ్చిన సుజాతకు. అందరికంటే ముందు మా బాపు మల్లయ్యకు. కొడుకు కొన్న కారు ఎట్లుందని ఊళ్లో ఎవరడిగినా ఆయన ఈనాటికీ ఒకటే చెబుతాడు.

"మావోడు కొన్న కారుకు వంక పెట్టేదేం లేదు. నాకే జర కాళ్లు పొడుగు."