చిన్నాయన ఎంచిన బూడిదరంగు బండి

మా చిన్నాయన పోయాడన్న ఫోను అహ్మదీలో నేను పనిచేసే ఆఫీసుకు వచ్చింది. ఊళ్లో వాకిలి దాటుతూ కూలబడ్డాడట. ఆస్పత్రికి చేర్చేలోపే అయిపోయిందట. "సరే" అన్నాను. ఫోను పెట్టేసి, సగంలో ఆపిన ఉత్తరం టైపు చేయడం పూర్తి చేశాను. ఒక్క తప్పు కూడా పడలేదు. ఏడుపు ఇంకా రాలేదు. దానికోసం చూడటం మానేసి ఇది రాస్తున్నాను.

కువైట్‌లో ఉండే మీలో కొందరికి ఆయన తెలిసే ఉంటాడు. కడప జిల్లా మనిషి, రుమైథియాలో ఒక కువైటీ ఇంట్లో పద్దెనిమిదేళ్లు డ్రైవరు. మనవాళ్లు కొత్తగా ఎవరు కనిపించినా "ఇఖామా బద్రంగా పెట్టుకున్యావా? అన్నం తిన్యావా?" అని, ముందు ఇక్కడ ఉండటానికిచ్చే కార్డు, తర్వాతే తిండి, ఆ వరసలోనే అడిగేవాడు. మా నాన్నకు తమ్ముడు. డిగ్రీ అయ్యాక ఊళ్లో కాలు నిలవక తిరుగుతున్న నన్ను అదే ఇంటికి రప్పించింది ఆయనే. కాగితాల్లో నేను పనిమనిషిని. చేసేది మాత్రం ఆ ఇంటి ఇద్దరాడపిల్లలకు లెక్కలూ ఇంగ్లీషూ చెప్పడం.

యుద్ధానికి ముందటి చలికాలంలో మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన ఇంటి యజమాని, ఒక కారవాన్ కొన్నాడు. చలికాలం ఎడారిలో విడిది చేసే అలవాటు కదా ఇక్కడివాళ్లకు, అందుకని చక్రాల మీద చిన్న ఇల్లన్నమాట. దాన్ని లాగడానికి పికప్ కావాలి. కఫీల్ కన్ను ఒక ఎర్ర బండి మీద పడింది. ఎత్తుగా, పెళ్లికొడుకులా ఉంది. చిన్నాయన దాని ఇంజిన్ గొప్పలేవీ వినలేదు. కారవాన్‌ను నీళ్లతో, సామానుతో నింపి తెచ్చి తగిలించాడు. ఏసీ పూర్తిగా తిప్పి రింగురోడ్డంతా తోలాడు. వేడి ముల్లు ఎంత లేస్తుందో చూశాడు. వంతెన దిగేచోట బ్రేకు వేసి చూశాడు. చివరికి దిగి, చక్రం మధ్యలో చేతి వెనకభాగం ఆనించాడు, బిడ్డకు జ్వరం చూసినట్టు. తల అడ్డంగా ఊపాడు. ఇంకో రెండు బండ్లకూ అదే పరీక్ష.

కఫీల్‌కు విసుగొచ్చి నవ్వాడు. "బండి కొంటున్నామా, నీ కూతురికి మొగుణ్ని చూస్తున్నామా?"

"మొగుడైతే ఇంత చూడను బాబా," అన్నాడు చిన్నాయన.

ఆఖరికి ఆయన ఎంచింది బూడిదరంగు డీజిల్ బండి. వెనక అటు రెండు, ఇటు రెండు చక్రాలు. ట్రాక్టరు గొంతు. స్టీరింగ్ కింద చిన్న పిడి ఉండేది. అది నొక్కితే బండికి కాకుండా, వెనక తగిలించిన కారవాన్ చక్రాలకు మాత్రమే బ్రేకు పడుతుంది. కఫీల్ తమ్ముళ్లు ఆ బండిని "నీళ్ల ట్యాంకరు" అని ఏడిపించేవాళ్లు. నాకూ నామోషీగానే ఉండేది. ఆ మాట ఆయనతోనే అన్నాను.

"లాగేదానికేముంది మ్మే, ఎద్దైనా లాగుతాది. ఎనకనుంచి బరువు తోస్తా ఉంటే నిలబడేది యాదో, దాన్ని సూడల్ల."

ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చింది. కఫీల్ అప్పుడు పరదేశంలో ఉన్నాడు. ఇంట్లో మిగిలింది మేము కాక మామా, అంటే ఇంటావిడ, పిల్లలిద్దరు, తుంటి విరిగి మంచాన పడ్డ కఫీల్ తల్లి. ఆ ముసలావిడ మందులు అయిపోవస్తున్నాయి. ఎలాగైనా ఆమెను సరిహద్దు దాటించి సౌదీ చేర్చాలి. కూర్చోలేదు కాబట్టి కారవాన్‌లో పడుకోబెట్టే తీసుకుపోవాలి. పక్కింటివాళ్లు వెళ్లిపోతూ వాళ్ల కొత్త పికప్ తాళాలు మామాకు ఇచ్చిపోయారు. అదే తియ్యమంది మామా. వేగంగా పోతుంది కదా అని నేనూ వంతపాడాను.

"సక్కని బండిని సోల్జర్లు వదుల్తారా? మనల్ని దించి వాళ్లెక్కి పోతారు. మనదాన్ని సూసి యెవడు ఆశపడతాడు?" అన్నాడు నాతో. మామాకు తన అరబ్బీలో చెప్పాడు. మధ్యాహ్నం బయల్దేరదాం, ఎండకు సోల్జర్లు నీడ పట్టుకుంటారు, అంత ఎండలోనూ ఉడకనిది ఈ బండే అని.

నీళ్ల క్యాన్లు ఎక్కించే పని నాది. పెద్దవి, పన్నెండు. "ఇరుసుకు ముందర పెట్టు, ఎనక పెట్టొద్దు" అని చెప్పి డీజిల్ కోసం పోయాడు. ముందర ముసలావిడ పడక ఉంది. ఆమెను కదిలించడం ఎందుకు అనుకున్నాను. తలుపు వెనకవైపే కాబట్టి దాహమైతే అందుబాటులో ఉంటాయి అనుకున్నాను. పన్నెండూ తలుపు పక్కనే వరసగా పేర్చి తాడు కట్టాను. ఆ కట్టు చూసుకుని నాకే ముచ్చటేసింది. ఆయన వచ్చేసరికి రెండు వీధుల అవతల సైన్యం ఇళ్లు వెతుకుతోందని కబురొచ్చింది. లోపలికి తొంగిచూడకుండానే "యల్లా, పదండి" అన్నాడు.

చెక్‌పోస్టులో సోల్జరు ఒకడు గొడుగులాంటి రేకు కిందనుంచి లేవలేక లేచి వచ్చాడు. "దీన్ని ఏ మ్యూజియంలోంచి తీశావు?" అని నవ్వాడు. ముసలావిడను చూసి, పొమ్మని చెయ్యి ఊపాడు.

ఖాళీ రోడ్డు రాగానే చిన్నాయన వేగం పెంచాడు. కాసేపటికి వెనకనుంచి ఏదో మమ్మల్ని పక్కకు లాగింది. అద్దంలో కారవాన్ ఇటూ అటూ ఊగుతోంది. ప్రతి ఊపూ ముందరిదానికంటే పెద్దది. మా వెనక సీట్లో పిల్లలు కేకలు పెడుతున్నారు. "బ్రేకు! బ్రేకు!" అని మామా, నేను ఒకేసారి అరిచాం. ఆయన వెయ్యలేదు. పాదం తీసేసి, స్టీరింగ్ కదలకుండా పట్టుకుని, కింద ఆ చిన్న పిడి నొక్కాడు. కారవాన్ ఒక్కసారి వెనక్కి గుంజినట్టయింది. తిన్నగా సర్దుకుంది. ఆగాం.

తలుపు తీసి క్యాన్లను చూశాడు. నన్ను చూశాడు.

"నా చిన్నప్పుడు ఒంటె కూడా ఇంత ఊపలేదు," అంది లోపల పడుకున్న ముసలావిడ.

ఎండలో, ఏ జీపైనా రాగల ఆ రోడ్డు మీద, పన్నెండు క్యాన్లూ ముందుకు మోశాడు. నేను చెయ్యి వేయబోతే "పిలకాయల్ని సూడుపో" అన్నాడు. ఇంకో మాట మాత్రం అన్నాడు, మెల్లగా: "తోక బరువైతే కుక్కను తోకే తిప్పుతాది మ్మే."

మామా దిగి వచ్చింది. "ఏమైంది?"

"టైర్లో గాలి తక్కువైంది మామా. ఖలాస్, సరిచేసినా."

మామా తిట్టింది. బయల్దేరేముందు చూసుకోవా, నిద్రపోతున్నావా, ముసలి ప్రాణాన్ని తీసేవాడివి అని. ఆయన తల వంచుకుని విన్నాడు. "నాదే తప్పు మామా" అన్నాడు. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరవలేదు.

సౌదీ మీదుగా నేనూ చిన్నాయనా ఊరు చేరాం. యుద్ధం అయ్యాక ఆయన తప్ప మేమంతా కువైట్ తిరిగొచ్చాం. ఆయన "ఇంక సాల్లేమ్మే" అని ఊళ్లోనే ఉండిపోయాడు. నిన్న ఆయన పోయిన సంగతి చెప్పడానికి మామా దగ్గరికి వెళ్లాను. ముసలావిడ మంచం మీదనుంచే రెండు చేతులూ పైకెత్తి దువా చేసింది. మామా కళ్లు తుడుచుకుంది. "చాలా మంచి డ్రైవరు. ఒక్క ఆ టైర్ల విషయంలోనే..." అంది. ఆ టైర్లలో గాలి సరిగ్గానే ఉంది మామా, క్యాన్లు వెనక పెట్టింది నేను అని చెప్పాను. ఆవిడ నన్ను కూర్చోమంది. తర్వాత టీ తెప్పించింది. చిన్నాయన బతికుండగా, ఆయన వినేలా ఆ మాట చెప్పలేకపోయాను కాబట్టి మీకూ చెబుతున్నాను.

ఆ రోజు తారురోడ్డు వదిలి, ఇసుకలో కూరుకుపోతూ, లేస్తూ, పొద్దు ఇంకా ఎత్తుగా ఉండగానే సౌదీ పోస్టు చేరాం. ముసలావిడను అంబులెన్సులోకి మార్చారు. ఆమెతో మామా, పిల్లలు వెళ్లారు. చిన్నాయన కారవాన్ పక్కన జానెడు నీడ చూసుకుని, చెప్పులు తలకింద పెట్టుకుని నిద్రపోయాడు. లేచాక క్షమించమని అడుగుదామని ఎదురుగా కూర్చున్నాను. పొద్దు వాలేకొద్దీ నీడ జరుగుతూ పోయింది. కళ్లు తెరవకుండానే ఆయనా దాని వెంబడే కాస్త కాస్త జరుగుతూ ఉన్నాడు. ఇసుకలో ఆయన వీపు వదిలిన గుంతలు, ఒకదాని పక్కన ఒకటి.