పదహారో పేజీ రాసింది నేనే

శ్రావణమాసంలో పేరంటానికి వెళ్లిన ఆడవాళ్లకు మా వైపు పసుపు, కుంకుమ, జాకెట్టు ముక్కతో పాటు ఒక చిన్న వ్రతకథ పుస్తకం కూడా చేతిలో పెట్టేవారు. పసుపుపచ్చ అట్ట, పదహారు పేజీలు. అది మీ ఇంట్లో దేవుడి గూట్లో ఇంకా ఉంటే దయచేసి చివరి పేజీ తీయండి. ‘స్త్రీ ధర్మములు’ అనే శీర్షిక కింద ఏడు వాక్యాలుంటాయి. వాటి కింద ‘ఇతి శాస్త్రవచనమ్’ అని ఉంటుంది. అది శాస్త్రవచనం కాదు. నేను రాశాను. ఒక మధ్యాహ్నం మూడున్నరకు, ఖాళీ కడుపుతో, కోపంతో రాశాను.

వరంగల్ స్టేషన్ వెనక గల్లీలో నాకొక చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉంది. ఇప్పుడు ఎక్కువగా పెళ్లిపత్రికలు, బిల్లు పుస్తకాలు. అప్పట్లో, అంటే నాకు పెళ్లయిన కొత్తలో, పూజాసామాన్లు అమ్మే ఒకాయన ఈ వ్రతకథ పుస్తకం వేయించాడు. మా పనిలో ఒక ఫారం అంటే పదహారు పేజీలు. కథ పదిహేను పేజీలకు అయిపోయింది. పదహారో పేజీ ఒక చీరల దుకాణం ప్రకటనకని అట్టిపెట్టాం. ఆ దుకాణంవాడు చివరి రోజు వద్దన్నాడు. పూజాసామాన్లాయన ఫోన్ చేసి, “ఏదన్న ఒకటి పెట్టు తమ్మీ. దేవుని పుస్తకంల ఖాళీ పేజీ మంచిగుండదు” అన్నాడు.

ఆ రోజు పనంతా ముగించుకుని అన్నానికి ఇంటికి వెళ్లేసరికి మూడైంది. నా భార్య తినేసి, వాకిట్లో కూర్చుని తల దువ్వుకుంటోంది. నన్ను చూసి, దువ్వుకుంటూనే, “కూరగాయలు తెచ్చినవా?” అంది.

“నువ్వు తిన్నవా?” అన్నాను.

“తిన్న. రెండు దాటింది గదా. ఆకలైంది.”

“మా అమ్మ మా నాయన తినకముందు ఏనాడు తినలే.”

“అత్తమ్మకు ఆకలి కాకపోయి ఉంటది” అంది, దువ్వెనలో వెంట్రుకలు తీసుకుంటూ. తర్వాత, “వంకాయ కూర ఉన్నది, తిను. మా అమ్మ చేసినట్టు చేసిన” అంది.

నేను తినకుండా వచ్చేశాను. కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఎదురుగా పదహారో పేజీ, తెల్లగా.

మొదటి వాక్యం: ‘పతి భుజింపక మునుపే భుజించు స్త్రీ మరుజన్మమున మార్జాలమై జనించును.’ మార్జాలమే ఎందుకంటే అప్పుడు ప్రెస్సు కిటికీలో ఒక పిల్లి కూర్చుని ఉంది. కుక్క కూర్చుని ఉంటే ఏం రాసేవాణ్నో మీరే ఊహించుకోవచ్చు. రెండోది: ‘కేశములు దువ్వుకొనుచు పతితో సంభాషింపరాదు.’ మూడోది: ‘పతి గృహమునకు రాగానే ఏమి తెచ్చితిరని యడుగరాదు.’ అట్లా ఆరోదాకా వచ్చేసరికి నా కోపం చల్లారింది గానీ పేజీలో ఇంకా రెండు అంగుళాలు మిగిలాయి. కాబట్టి ‘పుట్టినింటి వంకాయ కూరను మెట్టినింట పొగడరాదు’ అని కూడా కొట్టాను. చుట్టూ పూలతీగ బార్డర్ వేశాను. చూడటానికి నాకే భయం పుట్టేంత శాస్త్రంలా కనబడింది.

పుస్తకాలు వారంలో అయిపోయాయి. పూజాసామాన్లాయన మళ్లీ వేయించడానికి వచ్చి, “కథ సంగతేమో గని తమ్మీ, ఆ చివరి పేజీ మంచిగుందని అందరు అంటాండ్రు. ఏడ పట్టినవ్?” అన్నాడు. చెప్పాల్సింది ఆ రోజే. కానీ నా జీవితంలో నేను రాసినదాన్ని ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు. “మా తాత దగ్గర పాత పుస్తకం ఉండె” అన్నాను. మా తాతకు సంతకం కూడా రాదు.

మా ప్రెస్సులో ఫారాలు మడిచి కుట్టే బైండరు ఒకాయన ఉన్నాడు, మొదటినుంచీ నా దగ్గరే. ముస్లిం. తెలుగు నాకన్నా శుభ్రంగా చదువుతాడు. రెండోసారి ముద్రణ కుడుతూ, “సార్, ఇది మీరు ఆనాడు అన్నం తినకుంట వచ్చి కొట్టిందే గదా” అన్నాడు.

“ఊకో.”

“మా మొహల్లాల ఒకాయన గిట్లనే వచ్చిండు సార్. ఆడోళ్లు బజారుకు పోవద్దని కితాబుల రాసి ఉన్నదన్నడు. మా అమ్మీ లోపలికి పోయి కితాబు తెచ్చి ఆయన ముంగట పెట్టింది. ఏ పేజీల ఉన్నదో జర చూపెట్టు బేటా అన్నది. ఆయన నీళ్లు తాగి పోయిండు. మళ్ల రాలే.”

నవ్వాను. నన్నెవరూ పేజీ అడగలేదు. అడిగినా నాకు ఇబ్బంది లేదు, పదహారు అని చెప్పేవాణ్ని.

ఆ తర్వాత ఇరవై రెండేళ్లు ఆ పేజీ నన్నేమీ అనలేదు. కిందటేడు మా అమ్మాయి హనుమకొండ కాలేజీలో ఒక సెమినార్‌లో మాట్లాడుతున్నానని, నన్ను కూడా రమ్మని పిలిచింది. విషయం ‘మతగ్రంథాల్లో స్త్రీ, నేటి చూపు’. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని మూడో వరసలో కూర్చున్నాను. మా అమ్మాయి మైకు ముందుకు వచ్చి తెరమీద మొదటి బొమ్మ వేసింది. పూలతీగ బార్డర్. ఏడు వాక్యాలూ, వంకాయతో సహా, గోడంత పెద్దవిగా.

“ఇది మా ఇంట్లో దేవుడి గూట్లో దొరికింది” అంది. “రాసినాయన ఏ కాలంవాడో తెలియదు. ఆ రోజు ఆయనకు ఇంట్లో అన్నం దొరకలేదని మాత్రం తెలుస్తోంది.”

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను, అందరికన్నా కొంచెం ఆలస్యంగా.

తర్వాత ఆ పిల్ల చెప్పిన మాటలు నిజంగా బాగున్నాయి. పాత గ్రంథాలను తిట్టడానికి ముందు చదవాలంది, మొక్కడానికి ముందు కూడా చదవాలంది. వాటిలో ఆడదాన్ని తక్కువ చేసిన చోట్లున్నాయి, సభలో నిలబడి పెద్దలను ప్రశ్న అడిగిన ఆడవాళ్లూ ఉన్నారు, రెండూ దాచకుండా చెప్పాలంది. అంతలో ఒక రిటైరైన పెద్దమనిషి లేచి, “అమ్మా, నువ్వు చిన్నదానివి. ప్రతి వాక్యం వెనక సైన్స్ ఉన్నది. దువ్వుకుంట మాట్లాడితే వెంట్రుక అన్నంల పడ్తది. వంకాయ వేడి చేస్తది, అందుకే పొగడద్దన్నరు. ఇగ మార్జాలమంటే పిల్లి కాదు, అదొక సంకేతం” అన్నాడు.

“దేనికి సంకేతం సార్?”

“అది గురుముఖంగ తెలుసుకోవాలె.”

వంకాయ మీద పావుగంట వాదన జరిగింది. సగం హాలు ఆయన మాటకు చప్పట్లు కొట్టింది, సగం మా అమ్మాయి మాటకు. నేను రెండుసార్లూ కొట్టాను.

ఇంటికి వచ్చేటప్పుడు అమ్మాయి అడిగింది. “నాన్నా, మా మేడం ఎన్ని పుస్తకాలు తిరగేసినా ఈ వాక్యాలు దొరకలే. నువ్వే గదా ప్రింట్ చేసింది. ఎక్కడియి?”

“వాళ్లిచ్చిన మ్యాటర్ బిడ్డా. నేను కొట్టిన, అంతే.”

ఆ సాయంత్రం నా భార్య అమ్మాయి లాప్‌టాప్‌లో ఆ పేజీని తొలిసారి శ్రద్ధగా చదివింది. మొదటి వాక్యం దగ్గర ఊరుకుంది. దువ్వెన దగ్గర ఆగింది. వంకాయ దాకా వచ్చి తల తిప్పి నన్ను చూసింది.

“ఇది ఆ రోజుది” అంది.

“మెల్లగ. పిల్ల వింటది.”

“ఇరవై రెండేండ్ల సంది దీనికి నేను దీపం పెడుతున్న.”

ఇక్కడితో అయిపోతే ఇది మా ఇంట్లోనే నవ్వుకునే విషయంగా ఉండేది. పదిరోజుల తర్వాత తొర్రూరు నుంచి మా బావ ఫోన్ చేశాడు. అక్క వంటింట్లో పడిపోయిందట, హనుమకొండ దవాఖానకు తీసుకొస్తున్నాడట.

అక్క నాకన్నా ఆరేళ్లు పెద్దది. షుగర్ ఉంది. పొద్దున గోలీ వేసుకుంటుంది. బావకు తొర్రూరులో పత్తివిత్తనాల దుకాణం. సీజన్‌లో ఆయన అన్నానికి వచ్చేసరికి మూడు దాటుతుంది. డాక్టర్ గట్టిగానే మందలించాడు.

“గోలీ మింగి, మూడింటిదాక తినకుంట ఎట్లుంటవమ్మా? షుగర్ పడిపోయింది. ఇంకోసారి ఇట్లయితే నా చేతుల ఉండదు.”

“మా ఆయన తినాలె గద సార్” అంది అక్క.

“ఆయన దుకాణంల ఉంటడు. నువ్వు తిను.”

డాక్టర్ వెళ్లాక అక్క నా వైపు తిరిగి, “ఆయనకేం తెలుసు. పుస్తకంల ఉన్నది గదా. నువ్వే ఇచ్చినవ్ తమ్మీ, మొదటి కాపీ” అంది.

మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. చెబుదామని నోరు తెరిచాను. సెలైన్ సీసా చూశాను. మూశాను.

మర్నాడు ప్రెస్సుకు వెళ్లి ఒక ఉపాయం మొదలుపెట్టాను. పాత బార్డరే తీసి, పాత అక్షరాల్లోనే, ‘ఔషధము సేవించు స్త్రీ మున్ముందుగా భుజింపవలెను, దోషము లేదు’ అని కొట్టాను. కొత్త ముద్రణ అని చెప్పి ఒక్క కాపీ అక్కకు ఇస్తే చాలు. బైండరు నా వెనక నిలబడి చదివాడు.

“ఇంకొకటా సార్?” అన్నాడు.

ఇంట్లో చెబితే నా భార్య ఇంకా తక్కువ మాటల్లో చెప్పింది. “ఒక పేజీకే వదిన దవాఖానల పడ్డది.”

ఆ రాసింది తీసేశాను. అమ్మాయికి మొత్తం చెప్పాను. తిడుతుందనుకున్నాను. “అయితే అన్నం సంగతి నేను కరెక్ట్‌గానే పట్టిన” అంది. తర్వాత నవ్వు ఆపి, “అత్తమ్మకు చెప్పినవా?” అంది.

ఆదివారం నేనూ నా భార్యా బస్సెక్కి తొర్రూరు వెళ్లాం. పన్నెండున్నరకు అక్క వంట ముగించి, గిన్నెల మీద మూతలు పెట్టి గడియారం చూస్తూ కూర్చుంది. గోలీ పొద్దున్నే వేసుకుందట. చేతులు సన్నగా వణుకుతున్నాయి.

“అక్కా, ఆ పేజీ నేను రాసిన” అన్నాను.

“ప్రింట్ చేసినవ్, తెలుసు.”

“ప్రింట్ కాదు. రాసిన. నా మనసులకెల్లి రాసిన. శాస్త్రంల లేదు.”

అక్క జాలిగా చూసింది. “నా పాణం కోసం దేవుని మాట అబద్ధమంటవా తమ్మీ? పాపం రా.”

“నేను చెప్పేది అబద్ధం గాదక్కా.”

“తొమ్మిదిల తెలుగు ఫెయిలైనవ్. మార్జాలమంటే నీకు తెలుసా?”

“అప్పుడే డిక్షనరీల చూసిన” అన్నాను. అది నిజం.

నా భార్య ముందుకు జరిగి ఆ మధ్యాహ్నం సంగతంతా చెప్పింది. మూడు గంటలు, దువ్వెన, కూరగాయలు, వాళ్లమ్మ వంకాయ. ఒక్కో సంగతి చెప్పి, దాని పక్కన పేజీలోని వాక్యం చెప్పింది. నన్ను ఎక్కడా వెనకేసుకు రాలేదు. అక్క పుస్తకం తెచ్చి, ఒక్కో వాక్యం మీద వేలు పెట్టి చూసుకుంటూ వింది. ఏడోదాని మీద వేలు ఆగిపోయింది.

“వంకాయ గురించి దేవుడెందుకు రాస్తడని నాకు అప్పుడే అనుమానం వచ్చింది” అంది మెల్లగా.

తర్వాత పుస్తకం మూసి పక్కన పెట్టింది. నా మీద కోపంగా ఉందనుకున్నాను. ఉంది, కానీ ఆమె మనసు వేరేచోట ఉంది. ఫోన్ తీసి హైదరాబాద్‌లో ఉన్న కోడలికి చేసి, స్పీకర్ పెట్టింది.

“బిడ్డా, తిన్నవా?”

“లేదత్తమ్మా. ఆయన ఇంక రాలే.”

“నిజం చెప్పు.”

“తిన్ననత్తమ్మా. రోజు తింట. వంటింట్ల నిలబడి, తలుపు దగ్గరకేసి తింట. పెండ్లయిన కొత్తల మీరు పుస్తకం ఇచ్చిండ్రు గదా. మీకు చెప్పబుద్ధి కాలే.”

“ఆరేండ్ల సంది నిలబడి తింటున్నవా?”

“మీరొచ్చినప్పుడు తినను. మీరు పోయినంక తింట.”

అక్క ఫోన్ నా ముందుకు జరిపింది. “మీ మామయ్య నీకో మాట చెప్తడు.”

ఇంతవరకు నవ్వుతూ రాశాను గానీ ఆ మాట మాత్రం నవ్వుతూ చెప్పలేదు. ఆ పేజీ నేను రాశాననీ, తప్పనీ, కూర్చుని తినమనీ నా మేనల్లుడి భార్యకు చెప్పాను. ఆ అమ్మాయి మర్యాదగా, “సరే మామయ్యా” అంది. ఫోన్ పెట్టేలోపు అవతల పకపక నవ్వడం వినబడింది.

అక్క లేచింది. రెండు పళ్లేలు తీసింది. ఒకటి నా భార్య ముందు పెట్టి, “కూసో పిల్లా” అంది. ఇంకోటి తన ముందు పెట్టుకుంది. అన్నం వడ్డించుకుని, పప్పు వేసుకుని, నెయ్యి కూడా వేసుకుంది. మొదటి ముద్ద చేత్తో పట్టుకుని ఒక్క క్షణం తలుపు వైపు చూసింది. తర్వాత తినేసింది. చేతుల వణుకు ఆగేదాకా నేను ఆ చేతులే చూస్తూ నిలబడ్డాను.

బస్సులో ఏమీ తినలేదు, నాకూ కడుపు మాడుతోంది. మెల్లగా మూడో పళ్లెం కోసం గిన్నెల గూటి వైపు నడిచాను.

“నువ్వు ఆగు” అంది అక్క, పప్పు కలుపుకుంటూ. “మీ బావ వచ్చినంక తిను.”

నా భార్య తల ఎత్తలేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

బావ ఆ రోజు మూడుంబావుకు వచ్చాడు.