నాన్న కొట్టుకి నల్ల బోర్డు

అరకు బజార్లో నాన్నకి టైలరింగు కొట్టు. సాలూరు నుంచి కుట్టుమిషనొకటి పట్టుకుని కొండెక్కిన మనిషి, ఏళ్ల తరబడి శుక్రవారం సంతకి దిగే ఆడవాళ్లకి జాకెట్లు కుడుతున్నాడు. టేపు పెట్టడు. ఓసారి ఎగాదిగా చూసి కత్తెర ఆడించేస్తాడు. వచ్చే సంతకి జాకెట్టు అతికినట్టు సరిపోతుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఎదురుగా అద్దాల తలుపుల టైలర్ షాపు తెరిచారు. నాన్న అన్నం సగంలో లేచిపోవడం మొదలెట్టాడు. నాకు ఒళ్లు మండింది. అప్పుడే డిగ్రీ అయింది, ఆ పొగరొకటి! విశాఖ వెళ్లి ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, బొంబాయి నుంచి లండన్ దాకా పేరున్న సూట్ల దుకాణాల వెబ్‌సైట్లన్నీ తిరగేశాను. ఒక్కో పేజీ తెరుచుకునేలోపు ఓ కునుకు తీయొచ్చు. అన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. అందరిదీ నలుపే, అందరివీ సన్నటి బంగారు రంగు ఇంగ్లీషు అక్షరాలే. సూటేసుకున్నవాడు ఒక్కడూ నవ్వడు. అదే గొప్పతనం కాబోలు అనుకున్నాను.

తిరిగొచ్చి, కత్తెర, జాకెట్టు బొమ్మలున్న పాత రేకు బోర్డు దింపించేశాను. నల్ల బోర్డు, బంగారు అక్షరాలు. గుమ్మానికి నల్ల కర్టెన్ కూడా.

"నీకు నచ్చితే నాకూ నచ్చినట్టేనే," అన్నాడు నాన్న.

శుక్రవారం సంత కిటకిటలాడింది. మా కొట్లో ఈగ కూడా వాలలేదు. మధ్యాహ్నానికి నాన్న చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"మన సంత ఆడోళ్లు కూడా ఎదురుకొట్టుకి ఎల్లిపోనారు," అన్నాడు. ఆ గొంతు విని ఉండబట్టలేక సంతలోకి పరిగెత్తాను.

ఏటా మా దగ్గరే కుట్టించుకునే ముసలమ్మ పసుపు అమ్ముతోంది. జాకెట్టు గుడ్డ మడత విప్పకుండా పక్కనే ఉంది. ఇంకా కుట్టడానికి ఇవ్వలేదేమని అడిగాను.

"ఎవులికివ్వాల? మీ అయ్య కొట్టు అమ్మేసి కిందకెల్లిపోనాడు కదా! పొద్దున్న మేవందరం వచ్చి సూసి ఎనక్కొచ్చీసినాం. పాతికేళ్లున్నోడు ఒక్క మాట సెప్పకుండా ఎల్లిపోతాడేటి?"

చదువురాని వాళ్లకి ఆ బొమ్మలే మా కొట్టు పేరు. ఇంత చదువూ చదివి అది నా బుర్రకి తట్టలేదు.

గుడ్డతో సహా ఆవిడ చెయ్యి పట్టుకుని కొట్టుకి లాక్కొచ్చాను. కర్టెన్ పక్కకి తియ్యగానే నాన్న కనిపించాడు.

"ఓలమ్మో, ఉన్నావేటి!" అని వీపు మీద ఒక్కటి చరిచింది. "ఎవులు సేసినారీ పని?"

నేను నోరు తెరిచేలోపే నాన్న అందుకున్నాడు. "నానే సేసినాను. ముసలితనంలో సోకు పుట్టింది."

కళ్లు తుడుచుకుంటూ నాన్న ఆవిడ చేతిలోని గుడ్డ తీసుకున్నాడు. నేను వాళ్లకి వీపు తిప్పి, కర్టెన్ ఊడదీస్తూ ఏడ్చాను.