అరవై ఎనిమిది వేల కిలోమీటర్లు

ఆసుపత్రి బట్టలు మోసే పికప్ డ్రైవరుకు భార్య పోయి రెండేళ్లు దాటింది. ఈ రెండేళ్లలో అతను ఒక్క పూట కూడా పని మానలేదు. పొద్దున ఆరింటికి లాండ్రీ షెడ్డులో ఉతికిన దుప్పట్ల మూటలు ఎక్కించుకోవడం, పదమూడు కిలోమీటర్లు వెళ్లి ఆసుపత్రి సెల్లారులో దించడం, అక్కడి మాసిన మూటలు ఎత్తుకుని మళ్లీ షెడ్డుకు రావడం. రోజుకు మూడు ట్రిప్పులు.

ఆమె పోయింది కూడా ఆ ఆసుపత్రిలోనే. పైన వార్డులో ఆమెకు ఊపిరి ఆగేసరికి అతను కింద సెల్లారులో మూటలు దించుతున్నాడు. కబురొస్తే పైకెళ్లి చూశాడు. కాగితాలు తయారయ్యేసరికి రెండు గంటలు పడుతుందన్నారు. కిందికొచ్చి, మాసిన మూటలు బండికెక్కించి, షెడ్డులో దింపి, తిరిగొచ్చి సంతకం పెట్టాడు. ఆ సంగతి బంధువుల్లో గుప్పుమంది. "మనిషా, మానా?" అన్నారు. అతను నొచ్చుకోలేదు. నిజమే కాబోలు అనుకున్నాడు. ఏడుపొస్తుందేమోనని మొదటి నెల ఎదురుచూశాడు. రాలేదు. తర్వాత ఎదురుచూడటం కూడా మానేశాడు.

పిల్లలు లేరు. ఇంట్లో మిగిలింది అత్తగారు. కూతురు మంచం పట్టినప్పుడు చేతిసాయానికని వచ్చింది, మరి వెళ్లలేదు. అతను ఉండమనీ అనలేదు, వెళ్లమనీ అనలేదు. కూతురే లేనప్పుడు అల్లుడింట్లో నీకేం పనని ఎవరో అడిగితే, "ఉన్న ఇద్దరం చెరో కొంపలో ఒంటరిగా కూర్చుంటే దీపాల ఖర్చు తప్ప ఏముంది?" అని నోరు మూయించింది. ముప్ఫై ఏళ్లు నూలు మిల్లులో పనిచేసిన మనిషి. మాట కరుకు, చెవి పదును. అల్లుడితో మాత్రం మర్యాద తప్పేది కాదు. అతనూ అంతే. "తిన్నారా?" అంటే "తిన్నా". "వెళ్లొస్తా" అంటే "మంచిది". దాంతో రోజు గడిచిపోయేది.

ఒకరోజు పొద్దున ఆమె చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"పింఛనాఫీసు దగ్గర దింపుతారా బాబూ? నేనింకా బతికే ఉన్నానని వేలిముద్ర వెయ్యాలట. ఎదురుగా వెళ్లి నిలబడితే చాలదట."

బండి ఎక్కేటప్పుడు ఆమె తలుపు పిడి కోసం రెండు మూడుసార్లు తడుముకుంది. వయసు మీద పడింది కదా అనుకుని అతను చెయ్యి అందించాడు. పెద్ద రోడ్డెక్కాక ఆమె తల పక్కకు వంచింది.

"బాబూ, వెనకాల ఏంటా మూలుగు?"

"మూలుగా?"

"మీరు వేగం పెంచితే పెరుగుతోంది, కాలు తీస్తే తగ్గుతోంది. వినపడట్లేదూ?"

అతను చెవి రిక్కించాడు. వినపడింది. ఇవాళ కొత్తగా మొదలైంది కాదు. ఎన్నాళ్ల నుంచో వినపడుతూనే ఉంది. అది తను పట్టించుకోవాల్సిన చప్పుడని తోచలేదు, అంతే.

"మిల్లులో కదురుకి నూనె ఎండిపోతే ఇట్లాగే మూలిగేది. నూనె మార్చి ఎన్నాళ్లయింది?"

"ఇంజినాయిలు మారుస్తూనే ఉన్నానత్తయ్యా."

"ఇంజిను ముందుంటుంది. మూలుగు వెనక నుంచి కదా వస్తోంది!"

ఆమెను దింపి, మూటలు సర్ది, మధ్యాహ్నం బళ్లు బాగుచేసే మేస్త్రీ షెడ్డుకు బండి తోలాడు. ఆ మేస్త్రీని అందరూ నిదానం మేస్త్రీ అంటారు. కొంపలంటుకున్నా "నిదానం, నిదానం" అనడం ఆయన అలవాటు. బండిని రెండు వీధులు తిప్పి తెచ్చి, కిందకి దూరి, వెనక ఇరుసు మధ్య గుండ్రంగా ఉబ్బి ఉండే ఇనుప డిప్ప మీద చెయ్యి పెట్టి, చటుక్కున తీసేశాడు.

"అమ్మో, పెనంలా కాలిపోతోంది. డిఫరెన్షియలు ఆయిలు ఎప్పుడు మార్చావురా?"

అతనికి గుర్తు రాలేదు. మేస్త్రీయే డ్రైవరు తలుపు తెరిచి చూశాడు. తలుపు అంచున అంటించిన తెల్ల టేపు మీద బాల్‌పెన్నుతో రాసిన అంకె ఉంది. ఆ నూనె మార్చిన ప్రతిసారీ అతను మీటరు చదివితే భార్య రాసేది. ఏడుకి నడుం మీద అడ్డగీత పెట్టడం ఆమె అలవాటు. మేస్త్రీ మీటరు చూశాడు, టేపు చూశాడు, పెదాలు కదుపుతూ తీసివేశాడు.

"అరవై ఎనిమిది వేలు. ఒరేయ్, నువ్వు ముప్ఫై వేలు నిండకముందే వచ్చి నా ప్రాణం తీసేవాడివి కదరా! ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావు?"

"నడుపుతున్నా."

మేస్త్రీ డిప్ప చల్లారేదాకా ఆగి, ముందు పైనున్న నింపే బోల్టు వదులు చేశాడు. అది వస్తుందని తేలాకే కింది బోల్టు మీద స్పానరు వేశాడు.

"కింద ఖాళీ చేసేశాక పైబోల్టు రానని మొరాయిస్తే, నీ బండి నా షెడ్డులోనే కాపురం పెడుతుంది."

తేనెలా ధార కట్టాల్సిన నూనె కాటుకలా కారింది. అది కూడా సగానికి సగం లేదు. సీలు దగ్గర ఎప్పటి నుంచో చెమరుస్తోంది. కాలిన వాసన. కింది బోల్టు కొసనున్న అయస్కాంతానికి ఇనుప రజను మీసంలా పట్టుకుంది. ఆ రజనులో గోరంత ముక్క ఒకటి మెరిసింది. మేస్త్రీ దాన్ని తీసి అతని అరచేతిలో పెట్టాడు.

"పంటి ముక్క. లోపల పళ్లచక్రాలు రెండూ పోయినట్టే. పుస్తకంలో నలభై, యాభై వేలకోసారి మార్చమని రాస్తారు. అది షికార్లు కొట్టే బండికి. రోజూ తడి మూటలు మోసే బండికి ముప్ఫై వేలకల్లా మార్చాలి. ఇరుసు మునిగేంత నీళ్లలో దిగావనుకో, కిలోమీటర్లతో పన్లేదు, ఆ వారమే విప్పి చూడాలి. నీకు తెలియందేముంది? నాకు నేర్పేవాడివి."

చక్రాలు తెప్పించి బిగించడానికి నాలుగు రోజులన్నాడు. లాండ్రీవాళ్లు మూటలకు వేరే బండి పెట్టుకున్నారు.

అలా రెండేళ్ల తర్వాత అతను పట్టపగలు ఇంట్లో కూర్చున్నాడు. ఏం చెయ్యాలో తెలియక వంటింటి గుమ్మం పక్కన స్టూలు వేసుకున్నాడు. అత్తగారు గ్లాసులో నీళ్లు పోస్తోంది. చూపుడువేలు గ్లాసులో ముంచి పెట్టి, నీళ్లు వేలికి తగలగానే పోయడం ఆపింది. పొయ్యి మంట ఎంతుందో చెవి దగ్గరగా పెట్టి విని తగ్గించింది. మబ్బు పట్టి గదంతా చీకటిగా ఉన్నా లైటు వెయ్యలేదు. ఇన్నాళ్లూ అది పొదుపనుకున్నాడు. లేచి ఆమెకు రెండడుగుల దూరంలో చప్పుడు కాకుండా నిలబడ్డాడు. ఆమె అతని పక్క నుంచే వెళ్లి స్టూలు వైపు తిరిగి, "మంచినీళ్లు కావాలా బాబూ?" అంది.

"అత్తయ్యా, మీకు కళ్లు కనపడట్లేదా?"

ఆమె ఉలిక్కిపడింది. తర్వాత గోడ పట్టుకుని నెమ్మదిగా కింద కూర్చుంది.

"కుడికన్ను పోయి ఏడాది పైనే అయింది. ఎడమది మంచు పట్టినట్టుంటుంది."

"నాకెందుకు చెప్పలేదు? రోజూ ఆసుపత్రికే వెళ్తున్నా కదా!"

"చెప్పాను. రెండుసార్లు. 'సరే' అన్నావు, కంచం తోసి లేచి వెళ్లిపోయావు. నువ్వు చెడ్డవాడివి కాదు నాయనా. చెప్తే వినడానికి నువ్వు ఇంట్లో ఉంటేగా?"

పెళ్లయిన పదకొండేళ్లలో ఆమె అతన్ని నువ్వు అనడం అదే మొదలు. అతనికి కోపం రాలేదు, సిగ్గూ వెంటనే రాలేదు. 'సరే' అన్న సంగతి గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. ఎంత వెతికినా దొరకలేదు.

మర్నాడు ఆటోలో తీసుకెళ్లాడు. ఆ ఆసుపత్రికి సెల్లారు దారిన కాకుండా ముందు గుమ్మంలోంచి వెళ్లి చాలాకాలమైంది. కంటి డాక్టరు చిన్నవయసు ఆవిడ. లైటు వేసి చూసి, కుడికంట్లో ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోయిందని, ఇక చూపు రాదని చెప్పింది. ఎడమకంటిది శుక్లమే, ఆపరేషనుతో పోతుందంది.

"ఏడాది ముందు తీసుకొచ్చుంటే?" అని అడిగాడతను.

"కుడిది కూడా కొంత నిలిచేదేమో."

అతను తలూపాడు. బయటికొచ్చి బల్ల మీద కూర్చున్నాక అరచేతులు చూసుకున్నాడు. గోళ్ల సందుల్లో నల్ల నూనె ఇంకా ఉంది. రుద్దాడు. చర్మం ఎర్రబడేదాకా రుద్దుతూనే ఉన్నాడు. పక్కనున్నావిడ "ఏమైంది?" అని అడిగితే గానీ ఆపలేదు.

వారానికి ఆపరేషను అయింది. కట్టు విప్పి ఇంటికొచ్చిన సాయంత్రం అత్తగారు గదులన్నీ ఒకసారి తిరిగి చూసింది. "ఇల్లంతా బూజే" అంది. "నీ గడ్డం నెరిసింది" అంది. కాసేపటికి మంచం అంచున కూర్చుని, గొంతు తగ్గించి అడిగింది.

"ఆ రోజు దాని మొహం నాకు సరిగ్గా ఆనలేదు. అప్పటికే మసకే. అందరూ ఏడుస్తున్నారు, నా కళ్ల సంగతి ఎవరికి చెప్పను? ఎలా ఉంది అది?"

తనకేం గుర్తుండదనే అనుకున్నాడు.

"పాపిడి తప్పుగా తీశారు," అన్నాడతను. "ఎవరు దువ్వారో, కుడివైపు తీశారు. తను ఎడమకి కదా తీసుకుంటుంది. నోరు కొంచెం తెరిచి ఉంది, ఏదో అడగబోతున్నట్టు. పెదవి పగిలింది. నుదుటి మీద దిండు ముడత పడింది. ఆ ముడత పోతుందేమోనని వేలితో రాశాను. పోలేదు."

"ఇంకా?"

"దుప్పటి కొత్తది. నేను ఆ పొద్దున తెచ్చిన మూటలోదే."

కళ్లు చెమర్చలేదు. అడుగుతుంటే చెబుతూ పోయాడు. గాజులు ఎవరు తీశారు, కాళ్లు ఎంత చల్లగా ఉన్నాయి, పక్కమంచం ఆవిడ ఏమంది, అన్నీ. ఆమె ఒక్కంటితో అతని మొహమే చూస్తూ వింది. చెప్పడం అయ్యాక "అంతేనా?" అంది. "అంతే" అన్నాడు.

"పాపిడి ఎడమకే," అంది ఆమె. "పసిపిల్లప్పటి నుంచీ." లేచి వెళ్లి వంటింట్లో లైటు వేసింది.