బొగ్గు షావుకారుకు సన్మానం

ఎనభైల మొదట్లో, నేను వరంగల్‌కు కోడలిగా వచ్చిన రెండేళ్లకు, మా వీధి చివర బొగ్గు డిపో వెలిసింది. మాది నేత పనివాళ్ల వీధి. ఇంటింటా మగ్గం, వాకిట్లో ఆరేసిన నూలు. లారీలు బొగ్గు దించిన ప్రతిసారీ లేచిన పొడి ఆ తడి నూలు మీదే వాలేది. పిల్లలు దగ్గితే నల్లగా పడేది.

మూడుసార్లు అర్జీ పెట్టాం. అధికారి తనిఖీకి వచ్చే రోజు షావుకారుకు ఎలా తెలిసేదో గాని, ఆవేళ కుప్పల మీద నీళ్లు చల్లించి, లారీలను ఆపించేవాడు. అధికారి చుట్టూ చూసి, దుమ్మెక్కడుందమ్మా అని మమ్మల్నే అడిగి వెళ్లిపోయేవాడు.

నాలుగో అర్జీ రాయడానికి కూర్చున్నాను. పది చదివిన కోడల్ని కాబట్టి వీధిలో ఆ పని నాదే. మా అత్తమ్మ నా చేయి పట్టుకుని ఆపింది.

"అర్జీ వద్దు బిడ్డా. షావుకారుకు సన్మానం చేస్తమని రాయి. ఆ సార్‌ను గూడ పెద్దమనిషిగ పిలువు."

తనిఖీ అంటే లారీలు ఆపేవాడు, సన్మానమంటే ఎందుకు ఆపుతాడు? షావుకారు గంజి పెట్టిన తెల్ల లాల్చీలో, ఫొటోగ్రాఫర్‌ను, సంబంధాలు చూస్తున్న కొడుకును వెంటబెట్టుకుని మరీ వచ్చాడు. కుర్చీలు గాలి వాలుకు వేయించింది అత్తమ్మే. లారీలొచ్చేదాకా ప్రసంగం సాగదీయడం నా వంతు. షావుకారు దానగుణమంతా చెప్పాను, లేనిది కూడా కల్పించాను. ఇక మాటలు దొరక్క లారీ డ్రైవర్లకు కృతజ్ఞతలు మొదలుపెట్టేసరికి వాళ్లే వచ్చారు.

మొదటి లారీ గుమ్మరించింది. తెల్ల శాలువా షావుకారు భుజాల మీదే రంగు మారింది. అధికారి చేతిలోని మజ్జిగ మీద నల్లటి మీగడ కట్టింది. ఆయన గ్లాసు కింద పెట్టబోయాడు.

"జర తాగుండ్రి సార్," అంది అత్తమ్మ మర్యాదగా. "మేం రోజూ తాగేదే."

ఆడవాళ్లంతా కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. దుమ్ముకని షావుకారు అనుకుని ఉంటాడు.

నెల తిరక్కుండా డిపో చుట్టూ రేకులు లేచాయి, రోజూ నీళ్లు చల్లడం మొదలైంది. మరుసటి ఏడు డిపోనే వర్ధన్నపేట రోడ్డు వైపు తీసుకుపోయారు. మేం మిఠాయి పంచుకున్నాం. ఆ పొడి ఇప్పుడు ఎవరి వాకిట్లో పడుతుందో మాకు తట్టలేదు.

కొన్నాళ్లకు అటువైపు నుంచి ఇద్దరు ఆడవాళ్లు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. నాకు సిగ్గేసింది. అత్తమ్మ వాళ్లకు చాప వేసి కూర్చోబెట్టింది.

"సన్మానమంటే ఇగ రాడు," అంది. "మీ దగ్గర పెండ్లీడు పిల్ల ఎవరన్న ఉన్నదా?"